డాక్టరు గారికి నిద్ర సంగతి కూడా చెప్పు

చిన్నీ,

నీ రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేస్తున్న డాక్టరు గారు "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నానండీ" అని వచ్చేశావట. మూడు వారాలుగా నిద్ర లేదని మాత్రం నాకు చెబుతావు. మందు రాయాల్సింది నేను కాదుగా!

నా కీమో రోజుల్లో చూశాను. వాంతులైతే చెబుతాం, జ్వరమొస్తే చెబుతాం, ఏడుపొస్తే మాత్రం దాచుకుంటాం. డాక్టరు గారి టైమ్ వృథా అవుతుందని మొహమాటం. దానికి తోడు, ఏడిస్తే జబ్బు పెరుగుతుందని ఎవరో ఒకరు బెదిరిస్తారు. అదంతా ఉత్తమాట.

ఉట్టినే "టెన్షన్‌గా ఉంది" అంటే "ధైర్యంగా ఉండండి" అని పంపించేస్తారు. "రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టట్లేదు, అన్నం సహించట్లేదు, బాబుతో కూడా మాట్లాడబుద్ధి కావట్లేదు" అని విడమరిచి చెప్పు. కొన్నిచోట్ల మనసులో బాధ ఎంతుందో 0 నుంచి 10 వరకు గుర్తు పెట్టమని కాగితం ఇస్తారు. ఎనిమిది ఉంటే ఎనిమిదే పెట్టు. రెండు వారాలు దాటినా దేనిమీదా మనసు పోకపోతే కౌన్సెలర్ దగ్గరికో, సైకియాట్రిస్ట్ దగ్గరికో పంపమని నువ్వే అడుగు. బతకాలని లేదనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఆ క్షణమే చెప్పు.

టామాక్సిఫెన్ (హార్మోన్ల వల్ల పెరిగే రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే మాత్ర) వాడేటప్పుడు దిగులుకి మందు రాస్తే, రెండూ కలిపి వాడొచ్చా అని అడగడం మర్చిపోకు. పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ లాంటి దిగులు మందులు టామాక్సిఫెన్ ఒంట్లో సరిగ్గా పనిచేయకుండా అడ్డుపడొచ్చు. అడ్డుపడనివీ ఉన్నాయిలే. అడగకుండా నీ అంతట నువ్వు మాత్రం ఏదీ ఆపెయ్యకు.

ప్రశ్నలు రాసుకుని వెళ్లు. అన్నిటికంటే ఎక్కువ భయపెడుతున్నదే ముందు అడుగు, చివరికి ఉంచితే లేచి వచ్చేస్తావు. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే కీమో మొదలవకముందే చెప్పాలి. రిపోర్టులో ఈఆర్, పీఆర్ (జబ్బు కణాలు హార్మోన్లకు స్పందిస్తాయా అని చెప్పేవి), హెర్2 (కణాలను పెంచే ఒక ప్రొటీన్) ఏమొచ్చాయో, వాటిని బట్టి నీకు ఏ మందులో అడుగు. స్టేజ్, గ్రేడ్ ఒకటి కావు. జబ్బు ఎంతవరకు పాకిందో స్టేజ్ చెబుతుంది. కణాలు మైక్రోస్కోప్ కింద మామూలువాటికి ఎంత తేడాగా ఉన్నాయో గ్రేడ్ చెబుతుంది. ఆవిడ చెప్పింది నీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి, "ఇంతేనా డాక్టర్?" అని చూసుకో.

మీ ఆయన్ని తీసుకెళ్లు, రాసుకోవడానికి పనికొస్తాడు. కానీ నీ బదులు అతన్ని జవాబు చెప్పనివ్వకు. అద్దంలో చూసుకోలేకపోవడం, మీ ఇద్దరి మధ్య దగ్గరితనం, ఇలాంటివి మాట్లాడాలంటే అయిదు నిమిషాలు బయట కూర్చోమను.

ఈసారి వెళ్లేముందు ఆ ప్రశ్నలు నాకు వాట్సాప్ చెయ్యి.

పెద్దమ్మ