వేవిళ్ల వైద్యం గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి వాణికి పెద్దమ్మ ఆశీస్సులు.

గర్భిణుల కోసమే ఆయుర్వేద వైద్యశాల తెరుస్తున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంతో పొంగిపోయాను, ఆ రాత్రే బెంగ కూడా పెట్టుకున్నాను. నీ గడప ముందుగా తొక్కేది వేవిళ్లతో వాడిపోయిన పిల్లలే కనుక ఆ ఒక్క సంగతే వ్రాస్తున్నాను.

శాస్త్రం నీకు తెలిసినదే. వాంతి, అరుచి, పులుపు మీద కోరిక గర్భం నిలిచిన గుర్తులని చరకుడు చెప్పాడు. దౌహృదం, అంటే గర్భిణికి కలిగే కోరికల వల్ల వచ్చే ఛర్దిని (వాంతిని) సుశ్రుతుడు ఆగంతుక ఛర్దులలో, అంటే దోషాల వల్ల గాక వేరే కారణాలతో వచ్చే వాంతులలో చేర్చాడు. మామూలు ఛర్దికి వ్రాసే వమన విరేచనాలు, అంటే మందిచ్చి వాంతి, విరేచనం చేయించడం, ఇక్కడ పనికిరావు. నిండు నూనెపాత్రను తొణకకుండా చూసుకున్నట్లు గర్భిణిని చూసుకోమన్నారు. ధనియాలు మెత్తగా నూరి, బియ్యం కడిగిన నీటిలో పటికబెల్లంతో కలిపి చెంచాడు చెంచాడుగా ఇవ్వు. ఆ బియ్యం నానడానికి కాచి చల్లార్చిన నీళ్లే వాడించు. పేలాల జావ పలుచగా ఉండాలి. లోహాలను కాల్చి చేసే భస్మాల జోలికి పోవద్దు.

మా వీధిలో మూడో నెల కోడలు ఒకతె ఉండేది. "మేము కనలేదా, వేవిళ్లు ఎవరికి లేవు" అని అత్తగారు ఆమె చేత వంట చేయిస్తూనే ఉండేది. చూసిన వైద్యుడు కషాయం తరువాత కషాయం మార్చాడే గాని, మూత్రం వస్తున్నదా అని ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను పిలిచేసరికి ఆ పిల్ల పెదవులు పగిలి ఉన్నాయి, నాలుక అట్టలా ఎండిపోయింది, చేతి మీద చర్మాన్ని పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. పెద్దాసుపత్రిలో విటమిన్ బి1 ఇచ్చి, సెలైన్లు ఎక్కించిన తరువాతే ఆమె కళ్లు తెరిచి మాట్లాడింది. తల్లీబిడ్డా దక్కారు గాని, ఆ వైద్యుడి మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకని నాడి పట్టే ముందే మూత్రం సంగతి అడుగు. రోజంతా మంచినీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, గర్భానికి ముందున్న బరువులో నూటికి 5 వంతులు తగ్గినా, జ్వరం గాని కడుపునొప్పి గాని తోడైనా, నీ మందు ఆపి ఆ పూటే ఆసుపత్రికి పంపు. వాంతులు విపరీతంగా ఉంటే స్కానింగు తప్పదు. కవలలో, ముత్యాల గర్భమో (బిడ్డ సరిగా ఏర్పడక మాయ నీటిబుడగల గుత్తిలా పెరిగేది) కావచ్చు. వెంట వచ్చిన అత్తగారిని బయట కూర్చోబెట్టకుండా ఆమె ఎదుటే ఇవన్నీ చెప్పు. పంపడం నీకు చిన్నతనం కాదు తల్లీ, నీవు మొండిదానివి కనుక మరీ మరీ చెబుతున్నాను.

మీ అమ్మ చేత కొంత డబ్బు పంపుతున్నాను. బల్లలూ కుర్చీలూ తరువాత చూసుకుందువు గాని, ముందు బరువు తూచే మంచి యంత్రం కొను.

ఇట్లు,
మీ పెద్దమ్మ