కొత్త మిషన్లు కొనాలా, ఆగాలా?

ప్రశ్న: సార్, గీసుగొండ దగ్గర మాకు చిన్న షర్టుల కుట్టు యూనిట్ ఉంది. రోజుకు 400 షర్టులు రావాలి, 350 దాటట్లేదు. లోను తీసుకుని పది మిషన్లు వేద్దామంటే, మా అబ్బాయి ముందు కంప్యూటర్లో ఫ్యాక్టరీ నమూనా చేసి చూద్దామంటున్నాడు. లాభం ఉంటుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ అబ్బాయి మాట వినండి. లోను తీసుకున్నాక వడ్డీ ఆగదు. నమూనాలో మిషన్లను ఎన్నిసార్లైనా మార్చి చూసుకోవచ్చు.

ముందు లైన్ పక్కన నిలబడి, ఒక్కో పనికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రాసుకోండి. కాజా మిషన్ (గుండీల రంధ్రాలు కుట్టేది) ఒక్కటే ఉండి, షర్టుకు 75 సెకన్లు పడుతోందనుకోండి. 8 గంటల్లో వచ్చేవి 384 షర్టులే. దారం తెగడం, సూది విరగడం, కరెంటు పోవడం కలిపితే 350 దగ్గర ఆగడంలో వింతేం లేదు. కాలర్ దగ్గర పది మిషన్లు పెంచినా కాజా మిషన్ ముందు కుప్ప పెరుగుతుందే తప్ప షర్టులు పెరగవు.

నమూనాలో సగటు టైము మాత్రమే ఎక్కించకండి. మిషన్ ఎంతసేపటికోసారి ఆగుతోందో, మళ్లీ నడవడానికి ఎంత పడుతోందో కూడా ఇవ్వాలి. చాలామంది వదిలేసేది ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే. నమూనా మొదట మీ 350నే చూపించాలి. అది చూపించేదాకా దాని సలహా నమ్మొద్దు. ఆ తర్వాత రెండో కాజా మిషన్ పెట్టి చూడండి.

ఇంకో లెక్క: లైన్‌లో 1,750 షర్టులు పేరుకుని ఉంటే, రోజుకు 350 చొప్పున, ఇవాళ వేసిన గుడ్డ బయటికి రావడానికి సుమారు 5 రోజులు. 1961లో అమెరికా శాస్త్రవేత్త జాన్ లిటిల్ నిరూపించిన సూత్రమిది. సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు అక్కర్లేదు, ఇలాంటి నమూనాలు చేసే జామ్‌సిమ్ ఉచితం. పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే, అందులో ఇదే పనికి సింపై కూడా ఉంది.