బావమరిది నడిపాడని రాసేయమంటున్నారు, రాయనా? - ప్రైవేట్ పార్కింగ్ క్లెయిమ్ మీద సందేహం

ప్రశ్న: ఇంగ్లాండ్‌లో రెడింగ్‌లో ఉంటున్నామండి. ఫిబ్రవరిలో ఫ్లాట్ మారాం. మార్చి 4న మా అత్తగారికి గుండెల్లో నొప్పి వస్తే నేను ఆఫీసులో ఉన్నా, మా ఆవిడే కారులో ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఖాళీ లేక పక్కన షాపుల పార్కింగ్‌లో పెట్టింది. 2 గంటలు ఫ్రీ, ఇంకో 50 నిమిషాలు ఎక్కువైంది. కారు నా పేరు మీద ఉంది. అద్దానికి ఏమీ అంటించలేదు, కెమెరా ఫొటోలతో 100 పౌండ్ల నోటీసు పోస్టులో వచ్చింది, దాని మీద మార్చి 19 అని ఉంది. ఫ్రెండ్స్ పట్టించుకోవద్దన్నారు, ఒక మూల పడేశా. ఇప్పుడు నార్తాంప్టన్ నుంచి 255 పౌండ్లకి కోర్టు క్లెయిమ్ వచ్చింది, ఇష్యూ డేట్ అక్టోబర్ 9. ప్రాణం కోసం పరిగెత్తినవాళ్ల మీద ఇదేం న్యాయం? 7 నెలలైంది, టైమ్ బార్ అవదా? వచ్చే ఏడాది ఇల్లు కొనాలి. గుంటూరు నుంచి వచ్చి వెళ్లిపోయిన బావమరిది నడిపాడని రాసెయ్, ఇండియా దాకా ఎవడొస్తాడు అంటున్నారు.

జవాబు: ఆస్పత్రి సంగతి అంత వివరంగా రాశారు, కేసు తేల్చే ముక్క మాత్రం ఏదో మాటవరసకి అన్నట్టు ఒక్క లైనులో పెట్టారు. మార్చి 19.

ముందు టైమ్ బార్ అన్న ఆశ వదిలేయండి. కాంట్రాక్టు బాకీకి ఇక్కడ 6 ఏళ్లు, అంటే 2031 మార్చి దాకా వాళ్లకి టైముంది. జడ్జి మానవత్వం మీద కూడా కేసు నిలబెట్టొద్దు. 2015లో సుప్రీంకోర్టు బీవిస్ కేసులో 2 గంటల ఫ్రీ పార్కింగ్‌లో 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు 85 పౌండ్లు న్యాయమే అంది.

ఇప్పుడు అసలు పాయింట్. డబ్బు కట్టాల్సింది డ్రైవర్, కారు పేరున ఉన్న మీరు కాదు. డ్రైవర్ ఎవరో తెలియనప్పుడు కారు ఓనర్ని పట్టుకునే హక్కు వాళ్లకి 2012 ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ 4వ షెడ్యూల్ ఇస్తుంది, కానీ షరతులతో. కెమెరా కేసులో నోటీసు, పార్క్ చేసిన మర్నాటి నుంచి లెక్కేసి 14 రోజుల్లో మీకు చేరాలి. పంపడం కాదు, చేరడం. మార్చి 5 నుంచి లెక్కేస్తే 18తో అయిపోయింది, మీ నోటీసు పుట్టిందే 19న, పోస్టు చేశాక రెండో పనిదినానికి చేరినట్టు లెక్క కాబట్టి 21. అద్దానికి టికెట్ అంటించి ఉంటే లెక్క వేరే, మీకు అది లేదంటున్నారు కాబట్టి ఓనర్‌గా మీ మీద బాధ్యత లేదు.

కానీ ఆగండి. ఆ 19వ తారీఖు కాగితం మొదటి నోటీసా, రిమైండరా? పైన ఏముందో ఒకసారి చూడండి. ఫ్లాట్ మారాక డీవీఎల్‌ఏలో (బండ్లు రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) అడ్రస్ ఎప్పుడు మార్చారు? ఆ సంగతే రాయలేదు! మొదటి నోటీసు మార్చి 10నో 12నో పాత అడ్రస్‌కి వెళ్లి ఉంటే, అప్పటికి రిజిస్టర్‌లో ఆ అడ్రసే ఉంటే, అది మీకు చేరినట్టే లెక్క, నేను పైన చెప్పిందంతా గాలికి పోతుంది. ఇల్లు మారిన రోజే బ్రాడ్‌బ్యాండ్ మార్చుకుంటాం గానీ కారు కాగితం గుర్తురాదు. అందుకే ఇవాళే ఆ కంపెనీ డేటా ప్రొటెక్షన్ ఈమెయిల్‌కి నా గురించి మీ దగ్గరున్న ప్రతి కాగితం, ప్రతి ఫొటో, పంపిన తేదీలతో ఇవ్వండి అని రాయండి, ఫ్రీ, నెల లోపు ఇవ్వాలి. నోటీసు, దొరికితే దాని కవరు కూడా దాచండి.

బావమరిది సంగతి. చేయొద్దు, అస్సలు చేయొద్దు. డిఫెన్స్ (క్లెయిమ్‌కి మీరు రాసిచ్చే జవాబు) కింద మీరు పెట్టే సంతకం ఇది నిజం అని కోర్టుకి ఇచ్చే మాట, అబద్ధమని తెలిసి పెడితే కోర్టు ధిక్కారం, అది జైలు దాకా వెళ్లే వ్యవహారం. పైగా అతని పేరు మీ కారు ఇన్సూరెన్స్‌లో ఉందా? లేకపోతే ఇన్సూరెన్స్ లేని మనిషికి కారిచ్చానని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు, లైసెన్స్ మీద 6 పాయింట్లు పడే నేరం అది. ఇంత చేసినా ఉపయోగం లేదండీ, క్లెయిమ్ వేశాక డ్రైవర్ పేరు చెప్తే ఓనర్ బాధ్యత పోదు, ఆ అవకాశం క్లెయిమ్ పడకముందే. నోటీసు పడేయకుండా అప్పుడే జవాబిచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు.

మీకు అబద్ధం అవసరమే లేదు. నేను రిజిస్టర్డ్ కీపర్ని (కారు ఎవరి పేరున ఉందో ఆ మనిషిని), ఆ రోజు డ్రైవర్ని కాదు, నోటీసు 14 రోజుల్లో చేరలేదు, నాకు బాధ్యత లేదు - ఇది నిజం, ఇది చాలు. ప్రైవేట్ పార్కింగ్‌లో డ్రైవర్ పేరు చెప్పి తీరాలని చట్టం లేదు, అది పోలీసులు అడిగినప్పటి సంగతి. హియరింగ్‌లో జడ్జి సూటిగా అడిగితే మాత్రం నిజమే చెప్పాలి, అప్పుడు కంపెనీ కావాలంటే మీ ఆవిడ మీద విడిగా వేసుకోవచ్చు, ఇది ముందే తెలిసి దిగండి.

తారీఖులు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ఇష్యూ డేట్‌కి 5 రోజులు కలిపితే అక్టోబర్ 14, అక్కడి నుంచి 14 రోజులు, అంటే అక్టోబర్ 28 లోపు ఫారం మీదున్న పాస్‌వర్డ్‌తో ఆన్‌లైన్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్ (క్లెయిమ్ అందిందని చెప్పే ఫారం) పెట్టాలి. అక్కడ డిఫెన్స్ బాక్స్‌లో ఒక్క అక్షరం కొట్టొద్దు, కోపంలో నాలుగు లైన్లు రాసేస్తే అదే మీ డిఫెన్స్ అయి కూర్చుంటుంది. అప్పుడు డిఫెన్స్‌కి నవంబర్ 11 దాకా టైమొస్తుంది, సాయంత్రం 4 దాటనివ్వద్దు. తర్వాత మీడియేషన్ (రాజీ కుదిర్చే) ఫోన్ కాల్ ఉంటుంది, ఎత్తి నేనిచ్చేది సున్నా అని చెప్పండి.

ఇల్లు గురించి భయం అంటారా, క్లెయిమ్ పడితే క్రెడిట్ రికార్డు పాడవదు. జవాబివ్వకపోతే వచ్చే ఏకపక్ష జడ్జిమెంటుతో పాడవుతుంది, 6 ఏళ్లు కోర్టు తీర్పుల రిజిస్టర్‌లో ఉంటుంది, దాన్ని తీయించడానికి పెట్టే అప్లికేషన్ ఫీజే 300 పౌండ్ల పైన. ఓడిపోయినా నెల లోపు కట్టేస్తే రిజిస్టర్‌లోంచి తీసేస్తారు.

కంపెనీ పంపిన కాగితాల్లో మార్చి 18 లోపు చేరిన నోటీసు బయటపడితే గొప్పలకి పోవద్దు. 100 పౌండ్లు, కోర్టు ఫీజు 35, లాయర్ ఖర్చు 50, అంతవరకే సెటిల్ చేసుకోండి. 255లో మిగిలింది, కలెక్షన్ పేరుతో కలిపిన ఆ 70 మాత్రం ఇవ్వొద్దు, ఓనర్ దగ్గర నోటీసులో రాసిన మొత్తానికి మించి వసూలు చేయకూడదని అదే షెడ్యూల్‌లో ఉంది.