ముందు ప్లగ్గు పెట్టకు

చి. శ్రావణికి,

బాబాయి ఆశీస్సులు. మూతపడ్డ డీటీపీ సెంటర్ నుంచి 486 ప్రాసెసరున్న తొంభైల నాటి కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చానని, ఆదివారం ఆన్ చేసి చూస్తానని రాశావు. సంతోషం. కానీ ఆన్ చెయ్యకు తల్లీ. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న యంత్రానికి తిన్నగా కరెంటిస్తే, అప్పటిదాకా బాగున్నది కూడా ఆ ఒక్క క్షణంలో పోవచ్చు. ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని క్యాబినెట్ విప్పు.

వెనకాల స్లాట్లకు రేకు మూతలు లేకపోతే లోపల బల్లి కాపురం ఉండే ఉంటుంది. గుడ్ల పెంకులూ దుమ్మూ మెత్తటి బ్రష్షుతో దులిపేసి, కీబోర్డు సాకెట్ దగ్గర మదర్‌బోర్డు మీద వెతుకు. నీలం ప్లాస్టిక్ చుట్టిన చిన్న పీపాలాంటి బ్యాటరీ ఉందా? అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. 386, 486 బోర్డుల్ని చాలావాటిని చంపింది అదే. పాతబడితే కారుతుంది, కారిన క్షారం బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. చుట్టూ పచ్చగా చిలుము పట్టిందంటే అప్పటికే మొదలైందని అర్థం. కారకపోయినా సరే, కట్టర్‌తో కత్తిరించి తీసెయ్. పాత టూత్‌బ్రష్షు వెనిగర్‌లో ముంచి ఆ చోటంతా రుద్దు, క్షారం విరుగుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వు. గుండ్రటి నాణెం బ్యాటరీ ఉన్న బోర్డయితే ఇంత కంగారు అక్కర్లేదు.

బ్యాటరీ చచ్చి చాలా కాలమై ఉంటుంది కాబట్టి ఆన్ చెయ్యగానే ముందు నడిచే బయాస్‌లో సెటప్ కూడా ఎగిరిపోయే ఉంటుంది. హార్డ్ డిస్క్ మీద లేబుల్‌లో సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు ఎన్నో రాసి ఉంటాయి. దాన్ని ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకో. ఆ రోజుల్లో ఆ అంకెలు చాలాసార్లు మనమే టైపు చేయాల్సి వచ్చేది.

ఇక ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా. వెనక ఎర్రటి చిన్న స్విచ్ ఉంటే అది 230 మీద ఉందో 115 మీద ఉందో చూడు. తుడిచేటప్పుడు ఎవరి వేలో తగిలి 115కి జరిగి ఉంటే, ప్లగ్గు పెట్టగానే ఢామ్మంటుంది. మదర్‌బోర్డుకు వెళ్లే రెండు కనెక్టర్లు, పీ8, పీ9, ఊడదీస్తే మళ్లీ పెట్టేటప్పుడు రెండింటి నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కనే రావాలి. తారుమారైతే బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇంకో సంగతి: ఆ కాలపు క్యాబినెట్లలో ముందున్న పవర్ స్విచ్‌కే నేరుగా 230 వోల్టులు వస్తాయి. ప్లగ్గు పీకకుండా ఆ పక్క చెయ్యి పెట్టకు. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో పెట్టమని మీ వీధి ఎలక్ట్రీషియన్‌ని అడుగు, వెంటనే అర్థం చేసుకుంటాడు. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే పర్వాలేదు. వెలుగు తగ్గకుండా నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు, ఆపెయ్.

మానిటర్ మాత్రం విప్పొద్దు. పిక్చర్ ట్యూబు మీద రబ్బరు టోపీ కింద ఉండేది వేల వోల్టులు, ప్లగ్గు పీకాక కూడా కొంతకాలం నిలిచి ఉంటుంది. ఇందులో వాదన లేదు.

ఇక అసలు సరుకు డిస్కులో ఉంది. పెళ్లి శుభలేఖలు, గుడి కరపత్రాలు, ఊరి కవి సొంత డబ్బుతో వేయించుకున్న పుస్తకాలు ఇవన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లుగా ఉండి ఉంటాయి. అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో తెలుగు మొదటి వెర్షన్‌లోనే, 1991లో, చేరింది గానీ మన ప్రెస్సుల్లో చాలాకాలం నడిచింది అను లాంటి ఫాంట్లే. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద కూర్చుంటాయి. అందుకే అదే ఫైలు నీ లాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. చదవాలంటే ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్, కొన్నిటికైతే సాఫ్ట్‌వేర్ నకలు వాడకుండా ప్రింటర్ పోర్టుకు తగిలించే లాక్ కూడా కావాలి. ఆ లాక్ అగ్గిపెట్టెంత ఉంటుంది, చెత్త డబ్బాలోకి పోయేది ముందు అదే. సెంటర్ ఆయన సొరుగులన్నీ వెతికించు.

డిస్కు తిరిగిందంటే ఆటలు ఆడటం తర్వాత, ముందు మొత్తం ఇమేజ్, అంటే డిస్కంతా ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా కాపీ, తీసి పెట్టు. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడు, బాగున్న భాగాలు ముందు చదివి, మొరాయించే చోటికి ఆఖర్న వెళ్తుంది. కొన్ని పాత డిస్కుల్ని యూఎస్‌బీ అడాప్టర్లు గుర్తుపట్టవు, అప్పుడు పాత డిస్కులు తగిలించే ఐడీఈ పోర్టున్న ఏ పెంటియం కంప్యూటరో చూద్దాం. జనం ఇచ్చిన పేర్లు, నంబర్లు అందులో ఉంటాయి, ఎవరికీ చూపించకు.

ఫ్లాపీలు తేమకి బూజు పడతాయి. మధ్య చక్రం మెల్లగా తిప్పుతూ కిటికీలోంచి చూడు. తెల్ల మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టకు, హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా గీకేస్తుంది.

క్యాబినెట్ పసుపు రంగుకి తిరిగిందని బాధపడ్డావు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లగా చేసేవాళ్లున్నారు. నాకు నచ్చదు, ఉండనీ.

మున్ముందు ఏం సేకరించాలంటావా? విదేశీ సేకర్తలు ఎగబడే అమీగా కంప్యూటర్ కోసం అప్పులు చేయకు. మన చుట్టూ పనిచేసినవి పట్టుకో. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్ తయారు చేసింది. అలాంటి యంత్రం నీకు దొరకదు గానీ రిటైరైన వాళ్ల ఇళ్లలో ఈసీఐఎల్ మాన్యువల్స్ దొరకొచ్చు, అవీ సేకరణే. 1984-85లో పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు, 32 కేబీ మెమరీ. ఏ బడి స్టోర్‌రూమ్‌లోనైనా కనిపిస్తే హెడ్‌మాస్టర్ గారు ‘పట్టుకుపో అమ్మా’ అన్నా తేకు. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నంతకాలం అది సర్కారు సొత్తు. పనికిరాదని కండెమ్ చేసి వేలం వేసినప్పుడు కొనుక్కో. దాని పవర్ సప్లైలో పసుపు రంగు పారదర్శకపు రీఫా కంపెనీ కెపాసిటర్లుంటే మార్చాకే కరెంటివ్వు, పాతబడి పగిలినవి దట్టమైన పొగ కక్కుతాయి. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ, పాత సామానుకు ఆదివారం ఎర్రగడ్డ సంత.

యంత్రంతోపాటు దాని చుట్టూ ఉన్నవి కూడా అడిగి తెచ్చుకో: గుడ్డ కవరు, డాట్ మాట్రిక్స్ రిబ్బన్లు, ‘చెప్పులు బయట విడువవలెను’ అనే బోర్డు. అన్నిటికంటే ముందు ఆ సెంటర్ శుభలేఖల నమూనా ఆల్బమ్. ఈపాటికి కాగితాల కొట్టుకు కట్ట కట్టి ఉంటాడు. రేపే వెళ్లు, ధర చెబితే బేరమాడకు, డబ్బు నేను పంపిస్తాను.

మీ బాబాయి