ముప్ఫై ఏళ్లు ‘ఐపీ’లే విన్న జడ్జి

ప్రశ్న: లాయరు గారూ, నేను లా రెండో ఏడు చదువుతున్నాను. అమెరికాలో దివాలా కేసులు వినడానికే ఫెడరల్ జడ్జీలుంటారట. వాళ్లనూ అధ్యక్షుడే వేస్తాడా? జీవితాంతం ఉంటారా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: రెండూ కాదమ్మా. ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీళ్ల కోర్టు జడ్జీలే వాళ్లను నియమిస్తారు. సెనేటుతో పని లేదు. పదవి 14 ఏళ్లు, మళ్లీ ఇవ్వొచ్చు. జీతం ఫెడరల్ జిల్లా జడ్జి జీతంలో 92 శాతం. ఆ ఎనిమిది శాతం దగ్గర పిసినారితనం ఎందుకో!

నేను నరసరావుపేటలో ప్రాక్టీసు చేసే రోజుల్లో సబ్ జడ్జి గారు పొద్దున భాగపంపకాల దావా, మధ్యాహ్నం పత్తి వ్యాపారి ఐపీ, అదే దివాలా పిటిషను, వినేవారు. ‘ఫలానాయన ఐపీ పెట్టాడట’ అంటే చాలు, అప్పులిచ్చినవాళ్లు తెల్లారేసరికి ఇంటిముందు ఉండేవాళ్లు. అమెరికాలో దివాలా జడ్జికి ఏళ్ల తరబడి ఇదొక్కటే పని.

డెట్రాయిట్ జడ్జి స్టీవెన్ రోడ్స్ 1985లో ఆ కుర్చీలో కూర్చున్నారు. 2013 జూలైలో ఏకంగా ఆ నగరమే ఐపీ పెట్టింది. అప్పులు సుమారు 1,800 కోట్ల డాలర్లు. ఊరు దివాలా తీస్తే కేసు ఎవరు వినాలో అప్పీళ్ల కోర్టు చీఫ్ జడ్జి చెప్పాలి. ఆవిడ రోడ్స్ పేరు చెప్పారు.

అప్పుడు నేను మా అమ్మాయి దగ్గర, ఆ ఊరి శివార్లలోనే ఉన్నాను. సెప్టెంబరులో ఒక రోజంతా లాయర్లు లేని మామూలు జనాన్ని, పెన్షనర్లను నిలబెట్టి మాట్లాడమన్నారని పేపర్లో చదివి ఆశ్చర్యపోయాను. మన కోర్టులో క్లయింటు నోరు తెరిస్తే మేమే చొక్కా పట్టుకు లాగేవాళ్లం. అంత ఓపిగ్గా విన్నాయనే, డిసెంబరులో పెన్షన్లు కూడా కోయొచ్చని తీర్పిచ్చారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నాదీ పెన్షన్ వయసే కదా. చివరికి 2014 నవంబరులో ఆయన ఒప్పుకున్న అప్పుల సర్దుబాటు ప్లానులో మామూలు ఉద్యోగుల పెన్షన్ 4.5 శాతం తగ్గింది, ఏటా ధరలను బట్టి పెంచేది పోయింది. పోలీసుల, ఫైరు వాళ్ల అసలు పెన్షన్ జోలికి పోలేదు.

2015లో రిటైరయ్యారు. మరుసటేడు డెట్రాయిట్ బడుల బాధ్యత నెత్తిన వేసుకున్నారు.

అన్నట్టు, ఆయన గిటార్ వాయిస్తారు. దివాలా జడ్జీలు, లాయర్లు కలిసి పెట్టుకున్న బ్యాండు పేరు ‘ఇండ్యూబిటబుల్ ఈక్వివలెంట్స్’. అది వాళ్ల దివాలా చట్టంలో అప్పిచ్చినవాడికి రావాల్సిన దానికి సరిసమానమైనది ఇవ్వడం గురించిన మాట. మా అమ్మాయికి చెబితే నవ్వలేదు. నేను మాత్రం రెండ్రోజులు నవ్వుకున్నాను.