పాత మిల్లును గ్యాలరీగా మార్చేటప్పుడు మొదట గోడలకు రంగు వేయించాలా?

మూతపడిన మిల్లును మ్యూజియం గ్యాలరీగా మారుస్తున్నాం, ముందు గోడలు కడిగించి తెల్ల రంగు వేయిస్తే సరిపోతుందా అని అడిగారు. వద్దండీ. కనీసం ఒక వానాకాలం గడిచేదాకా గోడల జోలికి పోకండి.

ఇలాంటి ఒక ప్రాజెక్టులో ప్రదర్శన ఏర్పాట్లు నేనే చూశాను. అవి సున్నంతో కట్టిన పాత ఇటుక గోడలు. ప్రారంభోత్సవం దగ్గరపడుతోందన్న టెన్షన్‌లో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, పైన రంగు కొట్టించాం. ఆ తొందర నాదే, ఒప్పుకుంటాను. మూడు నెలలు తిరక్కుండానే మోకాలి ఎత్తు వరకు రంగు ఉబ్బింది. గోరుతో గీకితే పెచ్చులూడి వెనక నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలింది. సున్నం గోడ పీల్చుకున్న చెమ్మను తనే బయటికి వదిలేస్తుంది. ఆ దారిని మేమే మూసేశాం. చివరికి అంతా చెక్కించి, ఫొటోలను గోడకు జానెడు దూరంలో నిలబెట్టిన ప్యానెళ్ల మీదికి మార్చాం. చూడ్డానికి అదే బాగుంది కూడా.

రంపపు పళ్లలాంటి పైకప్పు ఉందన్నారు, అదృష్టవంతులు. న్యూయార్క్ రాష్ట్రంలోని డియా బీకన్ అలాంటిదే. 1929లో కట్టిన పెట్టెల ముద్రణ కర్మాగారం, 2003లో మ్యూజియం అయింది, ఎక్కువగా పగటి వెలుతురు మీదే నడుస్తుంది. కానీ మీరు కాగితాలు, బట్టలు పెడతామంటున్నారు. వాటి మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకూడదంటారు. పైకప్పు అద్దాల కింద మధ్యాహ్నం మీటరు పెట్టి చూడండి, గుండె ఆగుతుంది. వాటికి లోపల వేరే చీకటి గది కట్టాల్సిందే.

యంత్రాలను మాత్రం పాత ఇనుముకు అమ్మకండి. రోమ్‌లోని మోంటెమార్టిని అనే పాత విద్యుత్ కేంద్రంలో 1997లో పాలరాతి విగ్రహాలను డీజిల్ ఇంజన్ల పక్కనే నిలబెట్టారు. నల్లటి ఇనుము ముందు ఆ తెల్లటి ముఖాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

మెట్లు, అత్యవసర ద్వారాలు, లిఫ్టు: బడ్జెట్‌లో పెద్ద ముక్క వీటికే పోతుంది. ఇంజనీరును ఇప్పుడే పిలవండి. ఈలోగా తేమను రాసిపెట్టే చిన్న మీటర్లు నాలుగు కొని, ఒకటి తలుపు దగ్గర, మిగతావి మూలల్లో పెట్టండి. ఏసీ ఎంత కావాలన్న లెక్క ఆ అంకెలు వచ్చాకే.