నాలుగున్నర గంటల నిద్రకు ఒళ్లు అలవాటు పడుతుందా?

*ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నిద్ర సరిపోనివాళ్లవే ఎక్కువ. ‘అలవాటైపోయింది’ అన్న మాట చాలావాటిలో కనిపించింది. కొన్నిటికి జవాబులు ఇక్కడ.*

ప్రశ్న: మూడేళ్లుగా అమెరికా క్లయింటు పని చేస్తున్నాను. సాయంత్రం 6.30కి మొదలై తెల్లవారుజామున 3.30కి ముగుస్తుంది. ఐదింటికి పడుకుంటే తొమ్మిదిన్నరకల్లా మెలకువ వచ్చేస్తుంది. ఒంటికి అలవాటైపోయింది, పెద్దగా మగత కూడా ఉండదు. మొన్న పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. వయసు 34, బరువు మామూలే. నిద్రకూ దీనికీ సంబంధం ఉందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: ఉంది. గత మూడు నెలల సగటు షుగరును చెప్పే ఈ హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగరు వ్యాధికి గడప మీద ఉన్నట్టు లెక్క. షికాగో విశ్వవిద్యాలయంలో 1999లో ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆ కొద్ది రోజులకే వాళ్ల రక్తంలో గ్లూకోజు తగ్గే వేగం బాగా మందగించింది. మీది మూడేళ్ల లెక్క. ఇంట్లో ఎవరికైనా షుగరు ఉంటే అదీ తోడై ఉండొచ్చు, డాక్టరుకు చెప్పండి.

ముందు ‘అలవాటైపోయింది’ సంగతి చూద్దాం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2003లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి 14 రోజులపాటు రోజుకు ఆరు గంటలే, ఇంకొందరికి నాలుగు గంటలే నిద్ర ఇచ్చారు. తెర మీద చుక్క కనపడగానే మీట నొక్కడం లాంటి చిన్న పరీక్షలు పెట్టారు. రెండు వారాలకు ఆరు గంటలవాళ్లు ఒక రాత్రంతా మేలుకున్నవాళ్లలా, నాలుగు గంటలవాళ్లు రెండు రాత్రులు మేలుకున్నవాళ్లలా తప్పులు చేశారు. తప్పులు రోజురోజుకీ పెరుగుతూనే పోయాయి. ‘నిద్ర వస్తోందా’ అని అడిగితే మాత్రం మొదటి కొన్ని రోజుల తర్వాత పెద్దగా తేడా చెప్పలేదు. అంటే ఒళ్లు అలవాటు పడలేదు, లోటును గుర్తుపట్టే తెలివే మొద్దుబారింది. అందుకే మగత లేదన్న మీ మాటను మేం లెక్కలోకి తీసుకోవడం లేదు. దిండు మీద తల పెట్టిన ఐదు నిమిషాల్లోపే నిద్ర పడుతోందా? చాలామంది దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. అది తరచుగా నిద్ర బాకీకి గుర్తు.

పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. మీకు రెండున్నర గంటలు తక్కువ. ఉద్యోగం మారకుండా వాటిని తెచ్చుకునే దారి ఇది.

తొమ్మిదిన్నరకు మెలకువ రావడం ఎక్కువగా వెలుతురు వల్ల. ఆరున్నరకల్లా కిటికీలోంచి ఎండ పడుతుంది, శరీరంలోని గడియారం పగలని లెక్క వేసుకుంటుంది. మామూలు కర్టెన్ చాలదు. దాని వెనక మందపాటి నల్లగుడ్డ ఇంకో పొర వేయండి, పక్కల సందుల్లోంచి వచ్చే గీతలను కూడా మూయండి. చెయ్యి చాపితే వేళ్లు కనపడనంత చీకటైతే సరి. కాలింగ్ బెల్ స్విచ్ కట్టేయండి. పార్సిళ్లు వాచ్‌మన్‌కు ఇమ్మనండి. పిల్లలు స్కూలుకు తయారయ్యే గోలకు టేబుల్ ఫ్యాన్ హోరు బాగానే అడ్డుపడుతుంది, చాలకపోతే చెవుల్లో ఫోమ్ బిరడాలు. ఇలా 5 నుంచి 10.30 వరకు ఐదున్నర గంటలు రాబట్టండి. మిగతా గంటన్నర డ్యూటీకి వెళ్లేముందు, మూడు నుంచి నాలుగున్నర మధ్య. ఒకే విడతలో పడుకున్నంత బాగుండదు గాని, నాలుగున్నర కంటే ఎంతో నయం.

అసలు చిక్కు శని, ఆదివారాల్లో వస్తుంది. ఆ రెండు రోజులూ రాత్రి పదకొండుకే పడుకుంటే సోమవారం మళ్లీ విమానం దిగినవాడి పరిస్థితి. సెలవు రోజు 2.30కి పడుకుని 9.30కి లేవండి. అప్పుడు ఐదు నుంచి తొమ్మిదిన్నర వరకు వారంలో ఏ రోజైనా మీరు నిద్రలోనే ఉంటారు. శరీర గడియారానికి ఆ నాలుగున్నర గంటలే లంగరు. పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు వచ్చినప్పుడు తప్పుతుంది, తప్పనివ్వండి.

కాఫీ రాత్రి పదకొండుతో ఆపాలి. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మి.గ్రా. తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గిపోతుందని 2013లో తేలింది. అది నాలుగైదు కప్పుల మాట, కానీ షిఫ్టులో మెషీన్ దగ్గర అన్ని కప్పులు ఎప్పుడు అయ్యాయో తెలియదు.

ఇక అర్ధరాత్రి క్యాంటీన్ బిర్యానీ. మీ హెచ్‌బీఏ1సీలో దాని వాటా కూడా ఉండొచ్చు. ఆ వేళకు ఇన్సులిన్ పని మందగిస్తుంది, అదే అన్నం పగలు తిన్నదానికంటే షుగరును ఎక్కువ లేపుతుంది. రాత్రి షిఫ్టును అనుకరించి 2021లో చేసిన ఒక ప్రయోగంలో, పగలు మాత్రమే తిన్నవారిలో ఈ పెరుగుదల కనిపించలేదు. భోజనం ఐదున్నరకే ఇంట్లో చేసి వెళ్లండి. పన్నెండు దాటాక ఆకలేస్తే ఉడికించిన గుడ్డు, గుప్పెడు పల్లీలు, కప్పు పెరుగు చాలు. మూడు నెలలకు మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించండి. అంతకు ముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనపడదు.

ఇంకొకటి. మూడున్నరకు సొంత బండి మీద రాకండి, క్యాబ్ ఉంటే క్యాబే. ఎందుకో కింది ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఆయన లారీ డ్రైవరు. లోడుతో రాత్రంతా నడుపుతారు. నిద్రొస్తే ముఖం మీద నీళ్లు కొట్టుకుంటారు, పాటలు పెట్టుకుంటారు, గుట్కా వేసుకుంటారు. ఇంట్లో పడుకుంటే గురక పక్కింటికి వినపడుతుంది, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారిగా గుటక వేసినట్టు లేస్తారు. ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున తలనొప్పి అంటారు.
— సూర్యాపేట నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, ఇందులో రెండు జబ్బులు కలిసి ఉన్నాయి.

మొదటిది రాత్రి మేలుకోవడం. ఉదయం ఆరింటికి లేచిన మనిషి రాత్రి పదకొండుకు 17 గంటలు మేలుకున్నట్టు. అప్పటికి అతని చురుకుదనం 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షల్లో చూశారు. మన చట్టం ప్రకారం 30 మి.గ్రా. దాటితేనే కేసు. నిద్రమత్తును కొలిచే గొట్టం మాత్రం పోలీసుల దగ్గర లేదు. రాత్రి రెండు నుంచి ఆరు వరకు శరీరం తనంతట తనే నిద్రకు లాగుతుంది. ఆ వేళ కళ్లు తెరిచే ఉన్నా మెదడు మూడు, నాలుగు సెకన్లు నిద్రలోకి జారుకుంటుంది. గంటకు 80 కి.మీ. వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు, నడిపేవాడు లేని లారీ.

నీళ్లు, పాటలు, కిటికీ గాలి కొద్ది నిమిషాలకే పనికొస్తాయి. గుట్కా నిద్రను ఆపదు, నోటికి క్యాన్సర్ తెస్తుంది. ఆవులింతలు వరసగా రావడం, గడిచిన రెండు కిలోమీటర్లు గుర్తు లేకపోవడం, చక్రం తెల్లగీత మీదికి పోవడం, వీటిలో ఏది కనపడినా బండి ఆపాల్సిందే. రోడ్డు అంచున కాదు, లారీలు నిలిపే స్థలంలోనో ధాబా దగ్గరో, వెలుతురున్న చోట. ముందు కాఫీయో టీయో తాగి, వెంటనే 20 నిమిషాలకు అలారం పెట్టుకుని కునుకు తీయాలి. కెఫీన్ ఎక్కడానికి అరగంట పడుతుంది, లేచే సమయానికి అందుకుంటుంది. అరగంట దాటి పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాల్సి వస్తుంది, లేచాక కాసేపు మొద్దుగా ఉంటుంది. అందుకే లేచీ లేవగానే స్టీరింగ్ పట్టకుండా పది, పదిహేను నిమిషాలు నడవాలి. ఈ ఉపాయం గంటో రెండు గంటలో గట్టెక్కిస్తుంది. రాత్రి మొత్తానికి చాలదు, దానికి రెండో డ్రైవరు కావాలి. యజమాని ఒప్పుకుంటాడా అన్నది మాకూ తెలిసిన కష్టమే.

రెండోది గురక. ఊపిరి ఆగి గుటక వేసి లేవడం, పొద్దున తలనొప్పి, ఇవి స్లీప్ ఆప్నియా లక్షణాలు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుంటుంది, ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రికి వందలసార్లు ఇలా జరిగినా పొద్దున మనిషికి ఏమీ గుర్తుండదు. ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా నిద్ర మాత్రం పట్టనట్టే. ‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అంటారు గాని, ఈ జబ్బున్నవాడికి పరుపు మీద కూడా సుఖం లేదు. ఒక టేపుతో ఆయన మెడ కొలవండి. 40 సెం.మీ. దాటితే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. బీపీ కూడా చూపించండి. గురక, ఊపిరి ఆగే తీరును ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి ఊపిరితిత్తుల డాక్టరుకో, చెవి-ముక్కు-గొంతు డాక్టరుకో చూపండి. స్లీప్ స్టడీ అనే పరీక్ష ఒక రాత్రి చేస్తారు, కొన్నిచోట్ల ఇంటికే పరికరం ఇస్తారు. గంటకు ఐదుసార్లు దాటి ఊపిరి ఆగినా, తగ్గినా జబ్బే. 30 దాటితే తీవ్రం. అప్పుడు సీప్యాప్ యంత్రం ముక్కుకు పెడతారు, అది గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచుతుంది. పరీక్ష అయ్యేదాకా రాత్రి ట్రిప్పులు వద్దు.

ప్రశ్న: మా బాబు ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ. హాస్టల్లో రాత్రి 11 వరకు, మళ్లీ తెల్లవారుజామున 5 నుంచి చదివిస్తారు. తెలిసిన లెక్కలే తప్పులు చేస్తున్నాడు. జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: టానిక్ వద్దు. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, మీ వాడికి ఆరు కూడా దక్కడం లేదు. యుక్తవయసులో నిద్ర వచ్చే వేళ సహజంగానే గంటో రెండు గంటలో ఆలస్యమవుతుంది కాబట్టి ‘పెందలాడే పడుకో’ అంటే పడుకోలేరు. కోత పడేది తెల్లవారుజామునే. చదివింది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలో, అందులో కలల నిద్ర ఎక్కువగా ఉండేది సరిగ్గా హాస్టల్ గంట కొట్టే ఆ ఆఖరి గంటల్లో. తెలిసిన లెక్క తప్పడం తెలివి తక్కువై కాదు, గుర్తు మార్చి రాయడం, ఒక మెట్టు వదిలేయడం లాంటి ఏమరపాటు. ప్రిన్సిపాల్‌ను కలిసి ఐదింటి స్టడీ అవర్‌కు మినహాయింపు అడగండి. ఒక్కరు అడిగితే వినరు, నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లండి. ఈఏపీసెట్ ముందు రాత్రి ఏడు గంటలైనా పడుకోనివ్వండి.

ప్రశ్న: నాకు 62. రెండేళ్లుగా మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రాజొలామ్ 0.5 నిద్రమాత్ర వేసుకుంటున్నాను. తొమ్మిదికి పడుకుంటాను, ఆరింటికి లేస్తాను, మధ్యలో మూడున్నర గంటలు పొర్లడమే. మొన్న రాత్రి బాత్రూముకు లేచి పడ్డాను. మాత్ర మానేయనా?
— విశ్రాంత ఉపాధ్యాయిని, నిజామాబాద్

జవాబు: ఒక్కసారిగా మానకండి. వణుకు, చెమటలు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావొచ్చు. కల్లు దుకాణాలు మూతపడినప్పుడు మీ జిల్లా వైపు కొందరు ఫిట్స్‌తో ఆసుపత్రికి రావడం మీరు వినే ఉంటారు. కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ మందూ ఒకటి. చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది, షాపు రిజిస్టర్‌లో రాయాలి కూడా. డాక్టరు చూస్తూ మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. పడినందుకు తుంటి, మణికట్టు ఒకసారి చూపించుకోండి. బాత్రూము దారిలో చిన్న లైటు పెట్టండి.

పై ముగ్గురికీ పడుకునే వీలు లేదు. మీకు వీలుంది, నిద్ర లేదు. అందుకే వైద్యం కూడా తలకిందులు. మంచం మీద తొమ్మిది గంటలు, నిద్ర ఐదున్నర. నిద్ర రాకపోయినా మంచం మీదే ఉండడంతో మెదడు మంచాన్ని పొర్లే చోటుగా గుర్తుపెట్టుకుంది. పన్నెండు దాటాకే పడుకోండి, ఆరింటికి ఎట్టి పరిస్థితుల్లోనూ లేవండి, పగటి నిద్ర వద్దు. 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి మసక వెలుతురులో కుర్చీలో కూర్చోండి, గడియారం చూడకండి, నిద్ర వచ్చాకే మళ్లీ పడుకోండి. పడుకున్న వేళ, లేచిన వేళ కాగితం మీద రాయండి. మంచం మీద ఉన్న సమయంలో 85 శాతం నిద్రలో గడిచిన వారం, పడుకునే వేళను 15 నిమిషాలు ముందుకు, అంటే పన్నెండుకు బదులు 11.45కు జరపండి. మొదటి వారం పగలు మగత పెరుగుతుంది, ఆ రోజుల్లో స్కూటీ తీయకండి. ఫిట్స్ చరిత్ర ఉంటే ఈ పద్ధతి వద్దు. మాత్ర తగ్గించడం, ఇదీ ఒకే వారం మొదలుపెట్టొద్దు, ఏది ముందో డాక్టరు చెబుతారు.

ప్రశ్న: వారమంతా ఐదు గంటలు పడుకుని ఆదివారం పన్నెండింటిదాకా పడుకుంటే సరిపోతుందా?
— డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: మగత తగ్గుతుంది, లోటు మొత్తం తీరదు. పైగా ఆదివారం రాత్రి రెండు దాకా నిద్ర పట్టదు, సోమవారం మళ్లీ మొదటికే. ఆదివారం మామూలు కంటే గంట, గంటన్నర ఆలస్యంగా లేచి, మిగతాది మధ్యాహ్నం మూడింటిలోపు కునుకుగా తీసుకోండి.